వంతెన అని పిలిస్తే

ఇటుకబట్టీ పాల కేంద్రం,
తూకం గది

చిన్నదానా,

ఈ ఉత్తరం శాంపిల్ సీసాల పెట్టెలో వస్తోంది. మూలలు తడిసి ఉంటే ఐసు నీళ్ళనుకో. నేను ఏడ్చానని అత్తయ్యతో చెప్పకు. వ్యాను డ్రైవరు రోజూ ఇక్కడి పాల శాంపిళ్ళు మన హెడ్డాఫీసు ల్యాబుకు తెస్తాడు కదా, ఉత్తరాలు కూడా పట్టుకెళ్ళడానికి ఒప్పుకున్నాడు. ఫోను చేద్దామంటే అత్తయ్య స్పీకరు పెట్టమంటుంది, పెట్టాక కోడళ్ళిద్దరినీ పక్కకు నెట్టి తనే మాట్లాడుతుంది. ఉత్తరమైతే ముందు ఆవిడ కళ్ళద్దాలు వెతుక్కోవాలి. ఈలోగా నువ్వు చదివేసుకోవచ్చు.

పని మొదలుపెట్టాను. పాత సర్వర్ తీసి కొత్తది బిగించడానికి ఒక్కో కేంద్రంలో వారం పైనే పట్టేలా ఉంది. చూడ్డానికి అన్నం డబ్బా అంత ఉంటుంది గానీ, ట్యాంకులో పాలు చల్లగా ఉంచేదీ అదే, ట్యాంకు ఖాళీ అయ్యాక కడిగే మోటార్లు తిప్పేదీ అదే. అది మొరాయిస్తే ఊరి పాలన్నీ విరుగుతాయి. అందుకని తొందరపడటం లేదు.

ఆరు నెలల్లో అన్ని కేంద్రాలూ ముగించి వస్తానని మేనేజరుకు చెప్పాను. అందాకా నా కుర్చీ నీకు అప్పగించాను. ఇచ్చానని రాయలేదు, చూసుకో. కుర్చీ కింద ఎడమ పక్కన ఒక మీట ఉంటుంది. దాని జోలికి వెళ్ళకు. ఆ ఎత్తు నాకు కుదరడానికి చాలా కాలం పట్టింది.

పిల్లకు జడలు మరీ బిగించకు, బళ్ళో తలనొప్పి అంటుంది. మీ బావగారు తన చొక్కాలు తనే ఇస్త్రీ చేసుకుంటారు, నువ్వు చెయ్యి పెట్టొద్దు. ఒకసారి పెడితే ఇక ఆ పని నీదే.

పెద్దది


హెడ్డాఫీసు, రెండో అంతస్తు,
కిటికీ పక్క బల్ల

అక్కా,

అప్పగించినదాన్ని భద్రంగానే చూసుకుంటున్నాను. మీట మాత్రం ముట్టుకున్నాను. నా మోకాళ్ళు బల్లకు కొట్టుకుని కమిలిపోయాయి. నువ్వొచ్చే రోజు మళ్ళీ దించేస్తాను.

నీకో సంగతి చెప్పాలి. నువ్వు ఏ కేంద్రం సర్వర్‌లోకి వెళ్ళాలన్నా దాని అంకెల చిరునామా నోటికి చెప్పేదానివి. నాకు నా సొంత ఫోను నంబరే గుర్తుండదు. చిరునామాలు మారినప్పుడల్లా నిన్ను అడగలేను. అందుకని కాన్ఫిగరేషన్ టూల్ ఒకటి పెట్టాను. దాని పని తేలిక. ప్రతి సర్వర్‌కూ దాని కేంద్రం పేరే పేరు, తాళంచెవి అని ఒక రహస్య ఫైలు ఉంటాయి. అరగంటకోసారి అది మెయిన్ సర్వర్‌కు తాళంచెవి చూపించి, "నేను వంతెనని, ఇప్పుడు ఫలానా చోట ఉన్నాను" అని చెప్పుకుంటుంది. నేను ఇక్కడ వంతెన అని కొడితే, అది ఆఖరిసారి చెప్పిన చోటికి టూల్ నన్ను తీసుకెళ్తుంది. అందరికీ ఒకటే మాట చెప్పాలన్నా ఒక్కసారి చెబితే చాలు.

మేనేజరు గారు వెనక నిలబడి చూసి, "బళ్ళో హాజరు పిలిచినట్టు పిలుస్తున్నావే" అన్నారు. ట్యాంకులు కడిగే ఆజ్ఞ కూడా ఇకనుంచి ఇక్కడినుంచే ఇమ్మన్నారు. కొన్ని కేంద్రాల్లో కడగకుండానే కడిగామని చెబుతున్నారట.

ఇంట్లో అందరూ బాగున్నారు. పిల్ల నా దగ్గరే పడుకుంటోంది, కాళ్ళతో తంతోంది. అత్తయ్య మోకాళ్ళకు కొత్త నూనె రాస్తున్నాను. నిన్న మేనేజరు గారు నీ సంగతి అడిగారు. అక్కడ బాగానే ఉందని చెప్పాను.

చిన్నది


పాతబడి కేంద్రం,
మేడ మీద గది

చిన్నదానా,

నీ టూల్ గొప్పదే. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు, ఊరికే అనలేదు.

నిన్న ఇక్కడినుంచి వంతెన సర్వర్‌లోకి వెళ్ళాను. నీ హాజరు పట్టీ లేకుండానే, నాకు గుర్తున్న అంకెలతోనే. లోపలికి అడుగుపెట్టగానే ఏం కనబడిందో తెలుసా? "అనుమతి లేనివారు ప్రవేశించరాదు." నేను అక్కడ రాసిపెట్టిన వాక్యం లేదు. ఇటుకబట్టీలో చూశాను, లేదు. కొండవాలులో చూశాను, అక్కడా లేదు. అన్నింటిలో అదే ఒక్క వాక్యం, సినిమా హాలు గుమ్మానికి తగిలించినట్టు.

నువ్వు వచ్చిన కొత్తలో ఆ వాక్యాలు చూసి నవ్వావు. వంతెనలో "ఇక్కడ ట్యాంకు మూత ఒక తన్ను తంటేగాని పడదు" అని ఉండేది. ఇటుకబట్టీలో "టెస్టరు మంచివాడు, గడియారం మాత్రం అబద్ధం చెబుతుంది." కొండవాలులో తూము వాల్వు ఎక్కడుందో, చేత్తో ఎలా మూయాలో రాశాను. ఒక్కో వాక్యం వెనక ఒక్కో రోజు నేను పడ్డ పాట్లున్నాయి. నువ్వు ఒక్కసారి కొట్టి అన్నింటినీ తుడిచేశావు. అందరికీ ఒకటే మాట చెప్పడం అంటే ఇదేనన్నమాట.

అత్తయ్యకు నూనె నేనూ రాశాను. ఏళ్ళ తరబడి. ఆవిడ "బాగుంది" అన్న పాపాన పోలేదు. మొన్న మీ బావగారు ఫోను చేసి, "అమ్మకు నొప్పి తగ్గింది, చిన్నమ్మాయి చెయ్యి మంచిది" అన్నారు. నా చేతికి ఏమొచ్చిందో కనుక్కుని చెప్పు.

పిల్ల నాతో రెండు ముక్కలు మాట్లాడి, "పిన్ని పిలుస్తోంది" అని ఫోను పెట్టేసింది.

పెద్దది


హెడ్డాఫీసు,
కిటికీ పక్క బల్ల

అక్కా,

నీ ఉత్తరం భోజనం డబ్బా తెరిచి చదివాను. మళ్ళీ మూసేశాను.

వాక్యాల సంగతి. కావాలని తుడవలేదు. తనిఖీకి వచ్చినవాళ్ళు ప్రతి సర్వర్ గుమ్మంలో హెచ్చరిక ఉండాలన్నారు. ఒక ఫైలు రాసి అన్నింటికీ పంపాను. పాతవి తీసి దాచిపెట్టాలని తోచలేదు. తోచి ఉండాల్సింది. అంతే చెప్పగలను.

ఇక పని మాట. ఇటుకబట్టీలో, పాతబడిలో నువ్వు కొత్త సర్వర్లకు నా దగ్గర తాళంచెవులు తీసుకున్నావు. ముందు ముందు కూడా అలాగే అడుగు. ప్రతి కొత్త సర్వర్ పేరూ ఇక్కడే పుట్టాలి, దాని తాళంచెవి ఇక్కడినుంచే వెళ్ళాలి. పాతదాని లోపలిదంతా కాపీ చేసి కొత్తదాంట్లో పోసే పద్ధతి ఇదివరకు నడిచింది గానీ ఇప్పుడు నడవదు. మొన్న రెండుసార్లూ పంపడం ఆలస్యమైంది, నిజమే, మీటింగులో ఉన్నాను.

మేనేజరు గారు అందరి ముందూ, "ఈ అమ్మాయి వచ్చాక మన సర్వర్లు పిలిస్తే పలుకుతున్నాయి" అన్నారు. నువ్వు ఉండి ఉంటే బాగుండేదనిపించింది. లేకపోవడమూ బాగుందనిపించింది. నిజం రాస్తున్నాను.

చిన్నది


కొండవాలు కేంద్రం,
ట్యాంకు గది పైన

చిన్నదానా,

అంతకుముందు ఎవరూ పిలవకుండా పలికాయా అవి? నేను అడిగానని మేనేజరును అడుగు. వద్దులే, అడక్కు.

ఇక్కడ పెద్ద వాన పడింది. పిడుగుకు సర్వర్ మాడిపోయింది. గదంతా కాలిన వాసన. పాలు పరీక్షించే టెస్టరు కంగారుపడి, "అమ్మా, సాయంత్రం పాలు వస్తాయి, చల్లబెట్టేదెవరు?" అని నా చుట్టూ తిరుగుతున్నాడు. సన్నగా పొడుగ్గా ఉంటాడు, కంగారు పెరిగే కొద్దీ ఇంకా సన్నబడతాడు. కొత్త సర్వర్ నా సంచిలో ఉంది. తాళంచెవి లేదు.

ఫోను తీశాను. నీకు మెసేజ్ సగం రాశాను. "చెల్లీ, కొండవాలుకు తాళంచెవి కావాలి" అని. ఆ ముక్క నా కళ్ళకే అడుక్కున్నట్టు కనబడింది. ఈ కేంద్రానికి మొదటి సర్వర్ బిగించింది నేను. నాకు దాని తాళంచెవి కావాలంటే నువ్వు మీటింగులోంచి లేచి రావాలి! తుడిచేశాను.

పాలు వచ్చే వేళకు కొండవాలు మళ్ళీ నడిచింది. ట్యాంకు చల్లబడింది. టెస్టరు నా చేతులకు దండం పెట్టినంత పని చేశాడు. ఎలా నడిచిందని అడక్కు. నీ టూల్ పుట్టకముందు కూడా సర్వర్లు నడిచేవి.

పిల్లకు దగ్గు తగ్గిందా? దగ్గు వచ్చిందనే నాకు ఎవరూ చెప్పలేదు. వ్యాను డ్రైవరు చెప్పాడు.

పెద్దది


హెడ్డాఫీసు,
కిటికీ పక్క బల్ల

అక్కా,

దగ్గు తగ్గింది. నీకు చెబితే పని మానుకుని పరుగెత్తుకొస్తావని అత్తయ్య వద్దంది.

రెండు విషయాలు నాకు అర్థం కావడం లేదు. ఒకటి, కొండవాలు నడుస్తోందని నువ్వు రాశావు, అక్కడినుంచి పాలూ వస్తున్నాయి, కానీ పిడుగు పడ్డ రోజు నుంచి హాజరులో పలకడం లేదు. రెండు, వంతెన వింతగా ఉంది. పొద్దున పిలిస్తే ట్యాంకు సగం ఉందంటుంది, ఒక అరగంట పోయి పిలిస్తే నిండిపోయిందంటుంది, ఇంకాసేపటికి మళ్ళీ సగం. వంతెన టెస్టరుకు ఫోను చేశాను. "నా ట్యాంకు నా ఎదురుగానే ఉందమ్మా, అదెక్కడికీ పోలేదు" అని విసుక్కున్నాడు.

టూల్‌లో లోపమేమోనని రెండు రోజులుగా వెతుకుతున్నాను. మేనేజరు గారికి ఇంకా చెప్పలేదు. అంతగా మెచ్చుకున్నాక చెప్పడానికి నోరు రావడం లేదు. నీకేమైనా తోస్తే రాయి. నీకు తోచినన్ని నాకు తోచవు.

చిన్నది


కొండవాలు కేంద్రం

చిన్నదానా,

కొండవాలులో లైను బాగోలేదు. వానలు తగ్గాక పలుకుతుంది.

వంతెన సంగతి నీ టూల్‌నే అడుగు. పేరు పెట్టి పిలిచేదానివి నువ్వు. నేను అంకెలు గుర్తుపెట్టుకునే పాతకాలపుదాన్ని.

పెద్దది


కొండవాలు కేంద్రం,
మెట్ల మీద

చిన్నదానా,

హెడ్డాఫీసుకు కబురు వెళ్ళింది, నీకు తెలిసే ఉంటుంది. అయినా చూసినదాన్ని కాబట్టి రాస్తున్నాను.

పొద్దుటి పాలు పోయడం అయింది. ట్యాంకు నిండుగా ఉంది. ట్యాంకరు మధ్యాహ్నానికి వస్తుంది. నేను మేడ మీద బట్టలు ఆరేసుకుంటున్నాను. కిందినుంచి టెస్టరు కేక పెట్టాడు: "అమ్మా, ట్యాంకు దానంతట అదే కడుక్కుంటోంది!"

కడిగేటప్పుడు ముందు తూము తెరుచుకుంటుంది కదా. తెరుచుకుంది. నేను మెట్లు దిగేసరికి పాలు వీధి కాలువలో పడిపోతున్నాయి. టెస్టరు సర్వర్ మీటలు నొక్కుతున్నాడు, అది వినడం లేదు. వాల్వు ఎక్కడుందో అతనికి తెలియదు. ఇదివరకైతే లోపలికి వెళ్ళగానే ఆ ముక్క కనబడేది. నేను ట్యాంకు వెనక్కి దూరి చేత్తో మూశాను. అప్పటికి సగం పైన పోయింది.

ఇక్కడ వీధి ఏటవాలుగా ఉంటుంది. కాలువ ఇళ్ళ గుమ్మాల ముందునుంచే పోతుంది. పొద్దున పాలు పోసి, క్యాను కడిగి బోర్లించుకున్నవాళ్ళు గుమ్మాల్లో నిలబడి తమ పాలు తమ ఇంటి ముందునుంచి పోవడం చూశారు. ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది. ఒక పెద్దావిడ మాత్రం వచ్చి, "మా గేదె ఇచ్చింది, మీ కాలువ తాగింది. మధ్యలో ఈ చాకిరీ అంతా ఎవరికోసం చేసినట్టమ్మా?" అంది. కుక్కలు కాలువ పొడుగునా బారులు తీరాయి.

"ఎవరు తిప్పారు?" అని అడిగారు. హెడ్డాఫీసు చూసుకుంటుందని చెప్పాను.

సాయంత్రం మేనేజరు ఫోను చేశారు. ఆజ్ఞ నీ బల్ల మీదనుంచే వచ్చిందని, నన్ను వెంటనే వచ్చి నా కుర్చీలో కూర్చోమని అన్నారు. ఇకనుంచి అది నాకే ఖాయం అన్నారు. వస్తానని ఇంకా చెప్పలేదు.

పెద్దది


ఇల్లు,
వంటగది బల్ల

అక్కా,

ఇంటి చిరునామా చూశావుగా. విచారణ అయ్యేదాకా ఆఫీసుకు రావద్దన్నారు. ఆ తర్వాత కూడా రానిస్తారో లేదో.

నేను కొండవాలును కడగమనలేదు. వంతెనను కడగమన్నాను. ముందు ట్యాంకు ఎంత ఉందో చూశాను, ఖాళీ అని చూపించింది. వంతెన టెస్టరు కూడా ఫోనులో, ట్యాంకరు వచ్చి వెళ్ళిందన్నాడు. అప్పుడే ఆజ్ఞ ఇచ్చాను. చూడ్డానికీ, ఇవ్వడానికీ మధ్య నేను కుర్చీలోంచి లేవనుకూడా లేదు. ఈ మాట చెబితే మేనేజరు గారు, "మరి కొండవాలుకు ఎలా వెళ్ళింది, గాలిలోనా?" అన్నారు. వంతెన అన్న పేరుకు పలికింది ఎవరో నాకు తెలియదు.

నీకు నా మీద కోపంగా ఉంది. ఎందుకో పూర్తిగా తెలియదు గానీ, సగం నాకే తెలుసు. ఆ సగం రాసేస్తున్నాను. మొదట్లో మేనేజరు గారు నీ సంగతి అడిగారని రాశాను కదా. అడిగింది నీ క్షేమం కాదు. కేంద్రాల పని ఇంకెవరికైనా ఇచ్చి నిన్ను వెనక్కి పిలుద్దామా అని అడిగారు. నేను, "అక్కకు అక్కడే బాగుందట" అన్నాను. నువ్వు అనలేదు. నేనే అన్నాను.

ఎందుకన్నానంటే, ఈ ఇంట్లో అడుగుపెట్టిన రోజు నుంచి ప్రతిదానికీ నీ కొలబద్దే. అత్తయ్యకు నూనె రాస్తే, "పెద్దది ఇంకాస్త గట్టిగా పట్టేది" అంటుంది. నీతో మాత్రం నా చెయ్యి మంచిదని చెప్పిస్తుంది. పిల్ల నేనేసిన జడ బడి గుమ్మం దాకా ఉంచుకుని అక్కడ విప్పేసుకుంటుంది. "అమ్మ ఇలా వెయ్యదు." ఆఫీసులో ఏ కేంద్రానికి ఫోను చేసినా మొదటి మాట, "పెద్దమ్మగారు లేరా?" ఆ కుర్చీలో ఒక్క ఆరు నెలలు ఎవరూ నీ పేరు ఎత్తకుండా కూర్చుందామనుకున్నాను. ఆఖరికి మీట కూడా నీ ఎత్తు దగ్గరే బిగుసుకుపోయి ఉంది, రెండు చేతులతో పీకితేగాని రాలేదు.

నన్ను క్షమించమని అడగను. ఒక్కటే అడుగుతున్నాను. పిడుగు పడ్డ రోజు కొండవాలు ఎలా నడిచింది?

చిన్నది


కొండవాలు కేంద్రం

చిన్నదానా,

కొండవాలు లోపల ఉన్నది వంతెన.

పాతబడినుంచి వంతెనలోకి వెళ్ళిన రోజు తీసిపెట్టుకున్న కాపీ నా దగ్గర ఉంది. అది మొత్తం కొత్త సర్వర్‌లో పోశాను. తెర మీద పేరు మార్చాను గానీ లోపల పేరూ తాళంచెవీ వంతెనవే ఉండిపోయాయి. రెండు చోట్లనుంచి రెండూ, "నేనే వంతెన" అని నీకు చెబుతున్నాయి. ఎవరు ఆఖరున చెబితే నీ టూల్ వాళ్ళ దగ్గరికి వెళ్తుంది. నువ్వు ట్యాంకు చూసినప్పుడు అసలు వంతెన పలికింది. ఆజ్ఞ ఇచ్చేలోపు ఇక్కడిది నోరు విప్పింది.

ట్యాంకు ఒకసారి సగం, ఒకసారి నిండు అని నువ్వు రాసిన పూటే నాకు తెలిసిపోయింది. లైను బాగోలేదని రాశాను. నీకు చెమటలు పట్టాలనుకున్నాను. నాలుగు రోజులు నువ్వు తడబడితే మేనేజరు నన్ను తలుచుకుంటారనుకున్నాను. పాలు పోతాయనుకోలేదు. పిల్లి కళ్ళు మూసుకుని తాగితే పాలు మాత్రమే పోతాయి. నేను కళ్ళు తెరుచుకుని ఊరుకున్నాను.

నీకు రాసేముందే మేనేజరుకు ఫోను చేసి చెప్పాను. మొత్తం రెండుసార్లు చెప్పించుకున్నారు. తర్వాత, "కుర్చీ సంగతి మళ్ళీ ఆలోచిస్తాను" అన్నారు. ఆలోచించుకోమన్నాను. ఊరివాళ్ళకు డబ్బు అందేలా ఆ రోజు పాలు పోసినట్టే లెక్కలో రాయమని అడిగాను. దానికి ఒప్పుకున్నారు. వీధిలో ప్రతి గుమ్మం ఎక్కి నేనే చెప్పి వచ్చాను. ఆ పెద్దావిడ విని, "అయితే ఇద్దరు తోడికోడళ్ళు కలిసి కడిగారన్నమాట" అంది. అక్కడ టెస్టరు ఒక్కడే నవ్వాడు, వెంటనే మానేశాడు.

"అక్కడే బాగుందట" అన్నావా? ఆ మాట చదివి ఈ కాగితం రెండుసార్లు నలిపేశాను. నీ మీద కోపం పోలేదు. నా మీద ఉన్నదాని పక్కన అది చిన్నదిగా ఉంది, అంతే.

పిల్ల జడ విషయం. ముందు తడిపి, తర్వాత దువ్వు. పొడి జుట్టు లాగితే దానికి మంట.

పెద్దది


కొండవాలు కేంద్రం,
ట్యాంకు గది పైన

అక్కా,

నువ్వు ఆరేసుకున్న తీగ మీదే నా బట్టలు ఆరేశాను. నువ్వు అక్కడ బల్ల దగ్గర, నేను ఇక్కడ. విచారణ ముగించి, చివరి నిర్ణయం తేలేదాకా మన చోట్లు మార్చి మేనేజరు గారు మంచి పనే చేశారు. "ఒకరు తాళంచెవి పుట్టించండి, ఒకరు వెళ్ళి పెట్టండి. ఎవరు ఎక్కడో నేను చెబుతాను" అన్నప్పుడు నువ్వు ఆయన వైపు కాకుండా కిటికీ వైపు చూశావట. ల్యాబు అమ్మాయి చెప్పింది.

నిన్న పొద్దున తాళంచెవి అడిగాను. జవాబు లేదు. మధ్యాహ్నం అడిగాను. "మీటింగులో ఉన్నాను చెల్లీ" అని వచ్చింది. ఆ ఆఫీసులో మీటింగులు ఎప్పుడో నాకు తెలియదా? ట్యాంకు గదిలో ఒక్కదాన్నే నవ్వుకుంటే టెస్టరు భయపడి తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. మూడోసారి అడిగాక పంపావు. అడగడం ఎలా ఉంటుందో తెలిసింది.

ఉన్నదంతా తుడిచి కొత్తగా పెట్టాను. సొంత పేరు, సొంత తాళంచెవి. వంతెన అన్న పేరుకు ఇక ఇది పలకదు. నువ్వు పిలిచి చూసుకో.

ఇక్కడివాళ్ళు నన్ను చూసి మొదట అడిగింది, "పెద్దమ్మగారు రాలేదా?" అనే. పాలు పారబోయించింది నువ్వు, గుమ్మం గుమ్మం తిరిగి చెప్పుకుంది నువ్వు, అయినా నువ్వే కావాలి వీళ్ళకు. పెద్దావిడ నన్ను పైనుంచి కిందికి చూసి, "పొడుగు బాగానే ఉంది, మరి వాల్వు తెలుసా?" అంది. నాకు ఒళ్ళు మండింది. ట్యాంకు వెనక్కి వెళ్ళి చూసి వచ్చాను.

హెచ్చరిక వాక్యం ప్రతి సర్వర్‌లోనూ ఉండాలి కాబట్టి ఉంచాను. దాని కింద రెండో వరుస రాసుకునేలా టూల్‌ను మార్చాను, ఏ కేంద్రానిది ఆ కేంద్రానికే. ఇక్కడిది నేను రాశాను. తక్కినవి నీకు గుర్తున్నంత మేరకు నువ్వు రాయి. నీకు అంకెలే గుర్తున్నాయి, వాక్యాలు ఉండవా?

చిన్నది


హెడ్డాఫీసు, రెండో అంతస్తు,
కిటికీ పక్క బల్ల

చిన్నదానా,

మేనేజరు తేల్చేశారు. నెలాఖరు నుంచి కుర్చీ నీది. నాకు కేంద్రాలన్నీ తిరిగే పని ఖాయం చేశారు. అడిగితే ఉంచుదురేమో. అడగలేదు. ఆ కాలువ పక్కన నిలబడినదాన్ని, ఇక్కడ కూర్చుని కడుగు అని కొట్టడానికి నాకింకా చెయ్యి రాదు.

కాబట్టి కుర్చీ నీ ఎత్తుకే వదిలేశాను. ఇన్నాళ్ళూ కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నాను. ఎవరూ చూడకుండా కింద కాగితాల కట్ట పెట్టుకున్నాను. అది తీసేయకు, అప్పుడప్పుడూ వస్తాను.

ఇల్లు నువ్వు లేక బోసిపోయిందని అత్తయ్య రోజూ అంటోంది. నేను ఎదురుగా కూర్చుని ఉంటే అంటోంది. నూనె రాస్తుంటే, "చిన్నది ఇంకాస్త మెల్లిగా పట్టేది" అంది. ఆవిడకు ఎప్పుడూ ఊళ్ళో లేని కోడలే మంచిది, గమనించావా? పిల్ల మాత్రం నిన్న నేనేసిన జడ విప్పేసుకుంది. "పిన్ని తడిపి వేస్తుంది" అంటోంది. నేను నేర్పిన విద్యే అది! తడిపి మళ్ళీ వేశాను. లోపల కుతకుతలాడుతూనే ఉంది. ఇది పోయే జబ్బు కాదు. మందు వేసుకుంటూ బతకాలి.

ఇక ముందు నేను తాళంచెవి అడిగితే మొదటిసారే పంపు. రెండోసారి అడిగించుకోకు. నేనూ అడగకుండా ఏదీ పెట్టను.

ఇందాక నీ టూల్‌తో వంతెన అని పిలిచాను. వంతెన ఒక్కటే పలికింది. తర్వాత కొండవాలు అని పిలిచాను. దాన్ని దాని పేరుతో పిలవడం ఇదే మొదటిసారి. తలుపు తెరుచుకుంది. హెచ్చరిక వచ్చింది. దాని కింద నీ వరుస:

"తూము వాల్వు ట్యాంకు వెనక ఉంది. ఎడమకు తిప్పితే మూతపడుతుంది. ఒకసారి నిండు ట్యాంకు పారిపోతుంటే మా అక్క మూసింది."

వాల్వు ఎడమకు కాదు, కుడికి తిప్పాలి. ఎడమకు తిప్పితే ఇంకా తెరుచుకుంటుంది, వీధి మళ్ళీ తెల్లబడుతుంది. పెద్దావిడ అడిగినప్పుడు వెళ్ళి చూశావు గానీ తిప్పి చూడలేదన్నమాట. ఆ ముక్క ఇవాళే దిద్దు.

తక్కిన వాక్యం అలాగే ఉండనీ.

పెద్దది